బావ గుండెకి లోడు టెస్టు

మా బావ లిఫ్టు మెకానిక్కు. ఇరవై తొమ్మిదేళ్ళుగా అదే పని. లిఫ్టు బాగుచేసేవాడంటే స్క్రూడ్రైవరు పట్టుకుని బటన్లతో కుస్తీ పట్టే మనిషని చాలామంది అనుకుంటారు. బావ స్క్రూడ్రైవరు తీసేది ఆఖర్న. ముందు అరచెయ్యి వేస్తాడు. మేడ మీద మోటారు గదిలోకి వెళ్ళి, మోటారు మీద ఒక చెయ్యి పెట్టి, ఎవరూ మాట్లాడొద్దన్నట్టు రెండో చెయ్యి పైకెత్తి, కళ్ళు మూసుకుని నిలబడతాడు. కాసేపటికి కళ్ళు తెరిచి, "ఎడమ బేరింగు. ఇంకో నెల" అంటాడు. నెల తిరిగేసరికి ఎడమ బేరింగే పోతుంది.

ఈ విద్యని లిఫ్టులతో సరిపెట్టుకుని ఉంటే చుట్టాల్లో ఆయనకి ఇంకొంచెం మంచి పేరుండేది. మేం కొత్తగా కొన్న ఫ్రిజ్జు మీద చెయ్యి పెట్టి "రెండేళ్ళు" అన్నాడు. రెండేళ్ళ రెండు వారాలకి అది చల్లబడటం మానేసింది. ఆయన నోటి చలవేనని మా ఆవిడ ఇప్పటికీ నమ్ముతుంది. ఎవరింటికి వెళ్ళినా బావ ముందు ఫ్యాను కింద నిలబడి పైకి చూస్తాడు. ఆ చూపు చూడగానే ఇంటివాళ్ళ మొహాల్లో నెత్తురు చుక్క ఉండదు.

నేను ఆయన బావమరిదిని. కళ్ళజోళ్ళ షాపులో పనిచేస్తాను. చెవితో విన్నదాని మీద నాకు నమ్మకం తక్కువ, ఏదైనా కంటికి కనబడాలి. అక్కా బావా ఉండేది తొమ్మిదంతస్తుల భవనంలో ఆరో అంతస్తు, మేం ఉండేది అదే భవనంలో రెండో అంతస్తు. ఇరవై ఆరేళ్ళుగా మా బావాబామ్మర్దులకి ఏ ఒక్క విషయంలోనూ పడలేదు. అలాగని ఒక్కరోజు కనబడకపోతే ఇద్దరికీ తోచదు.

ఆ భవనం లిఫ్టు కూడా బావ చేతిదే. సాయంత్రం ఆయన పని నుంచి వచ్చి ఆరో అంతస్తులో దిగేసరికి, బెల్లు కొట్టకుండానే అక్క తలుపు తీసి ఉంచుతుంది. "చూశావా, నా లిఫ్టు చప్పుడు మీ అక్క ఎలా గుర్తుపడుతుందో" అని బావ నా దగ్గర మీసం దువ్వేవాడు. అంత మెత్తగా నడిచే లిఫ్టుకి చప్పుడెక్కడిదని నేను వాదించేవాణ్ణి. ఆ వాదన కూడా తేలలేదు.

ఇలా ఉండగా వాళ్ళ కంపెనీ ఒక కొత్త నియమం పెట్టింది. యాభై ఐదు నిండిన మెకానిక్కులు ఏటా ట్రెడ్‌మిల్లు మీద పరిగెత్తి చూపించాలి. నెగ్గితేనే షాఫ్టులోకి, అంటే లిఫ్టు పైకీ కిందికీ తిరిగే ఆ నిలువు గొయ్యిలోకి దిగనిస్తారు. నెగ్గకపోతే ఆఫీసులో ఫోను బల్ల. బావకి ఆ నెలలోనే యాభై ఐదు నిండాయి. పరీక్ష నాలుగు వారాల్లో ఉంది.

ఫోను బల్ల అంటే ఏమీ లేదు. ఎక్కడో లిఫ్టు మధ్యలో ఆగిపోయి, లోపల ఇరుక్కున్నవాళ్ళు ఫోను చేస్తారు. బల్ల దగ్గర కూర్చున్నాయన ఎదురుగా అట్ట మీద రాసున్నది చదవాలి. "కంగారు పడకండి. మా మనిషి బయల్దేరాడు." అంతే పని. ఏసీ ఉంటుంది, కుర్చీ తిరుగుతుంది. నాకైతే ఆ ఉద్యోగం కళ్ళకద్దుకుని తీసుకోవాలనిపించింది. ఆ మాటే బావతో అన్నాను.

"ఆ బయల్దేరే మనిషిని నేనేరా. నేను అక్కడ కూచుంటే బయల్దేరేదెవరు?" అన్నాడు.

మర్నాటి నుంచే తయారీ మొదలైంది. పొద్దున్నే లేచి మా భవనం మెట్లెక్కడం, దిగడం. తొమ్మిది అంతస్తులు, నూట అరవై రెండు మెట్లు. ఇన్నేళ్ళలో లిఫ్టు ఆగిపోతే తప్ప ఆయన మెట్ల మొహం చూసి ఎరగడు. మెట్లంటే ఆయన దృష్టిలో తన చేతకానితనానికి సాక్ష్యం. అలాంటి మనిషి మూడు రోజులు నోరెత్తకుండా ఎక్కాడు. నాలుగో రోజు నేను పళ్ళు తోముకుంటుంటే చెమటలు కక్కుతూ మా ఇంట్లోకి వచ్చాడు.

"బామ్మర్దీ, తలుపెయ్యి" అన్నాడు.

వేశాను.

"నా గుండె స్లిప్పవుతోంది."

నా నోటి నిండా నురగ. బావే చెప్పుకుపోయాడు. "దబ్ దబ్ అని వరసగా పోతూ పోతూ మధ్యలో ఒకటి రాలేదు. ఖాళీ. ఆ తర్వాత వచ్చింది మాత్రం లోపల్నుంచి గుద్దినట్టొచ్చింది. లిఫ్టు అంతస్తు దగ్గర సరిగ్గా ఆక్కుండా, కొంచెం జారి, టక్కున పట్టుకుంటుంది చూడు. సరిగ్గా అలాగే."

"ఎక్కడ?" అన్నాను నోరు కడుక్కుని.

"ఐదో అంతస్తు మలుపులో."

లోపం ఐదో అంతస్తులో ఉందన్నట్టే చెప్పాడు.

డాక్టరు దగ్గరికి పోదాం పదమన్నాను. ఒప్పుకోలేదు. డాక్టరంటూ చూస్తే రాస్తారట, రాస్తే కంపెనీకి తెలుస్తుందట, తెలిస్తే ఫోను బల్లట. ముందు లోపం ఎక్కడుందో తనే పట్టుకుంటాడట. "మీ అక్కకి మాత్రం తెలియకూడదు. అది తట్టుకోలేదు" అన్నాడు. నా నోట్లో నువ్వుగింజ నానదని లోకానికంతా తెలుసు. అయినా నాకే ఎందుకు చెప్పాడో అప్పుడర్థం కాలేదు. ఆయనకి వెనకాల కుర్చీ మోసే మనిషి కావాల్సి వచ్చిందని తర్వాత తెలిసింది.

ప్రతి లిఫ్టుకీ ఒక తనిఖీ పుస్తకం ఉంటుంది. తేదీ, అంతస్తు, లోపం, తీసుకున్న చర్య, ఇలా గళ్ళు గీసి ఉంటాయి. బావ తన గుండెకి కూడా అలాంటిదొకటి తెరిచి, అక్క కంటబడకుండా మా ఇంట్లో దాచేవాడు. దాచిందల్లా చదవడం నాకు అలవాటు.

సోమవారం. ఐదో అంతస్తు. ఒకటి జారింది. చర్య: గమనిస్తున్నాను.

మంగళవారం. ఐదో అంతస్తులో రెండు, ఏడులో ఒకటి. చర్య: ఒక టీ తగ్గించాను.

బుధవారం. మెట్లు ఎక్కలేదు. టీవీ ముందు కూర్చుంటే నాలుగు. చర్య: టీవీ కట్టేశాను.

గురువారం. సూపర్‌వైజరు ఫోను చేసి, ఎందుకైనా మంచిది ఫోను బల్ల పని ఒకసారి చూసిపొమ్మన్నాడు. పదకొండు. చర్య: ఫోను పెట్టేశాను.

ఇక పగలంతా ఎడమవైపు చొక్కా మీద అరచెయ్యే. ఎవరు ఏమడిగినా గుండె మీద చెయ్యేసుకునే జవాబు చెప్పేవాడు. దాంతో ఆ రెండు వారాల్లో భవనంలో ఆయన నిజాయితీకి ఎక్కడలేని పేరొచ్చింది. ఎనిమిదో అంతస్తు లెక్కల మాస్టారైతే భవనం సంఘానికి ఈయన్నే అధ్యక్షుణ్ణి చేద్దామని కూడా అన్నారు.

మన భాషేమో గుండెలో అనుమానం పెట్టుకున్నవాడి ముందు మాట్లాడటానికి అస్సలు పనికిరాదు. కదిపితే గుండే. ఒకరోజు షాపులో అద్దాల పళ్ళెం చేతిలోంచి జారబోయింది. ఆ కబురు చెబుతూ, "గుండె ఆగినంత పనైంది బావా" అన్నాను. ఆయన పుస్తకం మూసి నా వైపు చూశాడు.

"ఎన్ని సెకన్లు?" అన్నాడు.

అప్పట్నుంచి ఆయన ముందు నోరు అదుపులో పెట్టుకుని మాట్లాడాను. కానీ నవ్వుకునే ఓపిక కూడా మెల్లగా తగ్గిపోయింది. ఆయనకి భయం పట్టుకుంది, అది నాకు కనిపిస్తూనే ఉంది. ముద్ద నోటి దగ్గరికి తీసుకెళ్ళి మధ్యలో ఆగిపోయేవాడు. నవ్వుతూ నవ్వుతూ ఆగి, లోపలికి విని, మళ్ళీ నవ్వడం మరిచిపోయేవాడు. పరీక్షకి పది రోజులు ఉందనగా నన్ను పిలిచి, చాలా పెద్ద నిర్ణయం చెప్పేవాడిలా గొంతు తగ్గించాడు.

"లోడు టెస్టు చేద్దాం."

లిఫ్టు మంచిదని ఖాళీగా తిప్పి చెప్పరట. మొయ్యాల్సిన బరువుకి పావు వంతు ఎక్కువ పెట్టి తిప్పుతారట. అప్పుడు కూడా బ్రేకు జారకపోతే మంచిదట. "నేను డెబ్భై రెండు కేజీలు. పావంటే పద్ధెనిమిది. పద్ధెనిమిది కేజీల ఇనుము వీపున కట్టుకుని ఎక్కుతాను. ఖాళీగా ఎక్కితే రెండు జారుతున్నాయి. లోడు మీద ఎన్ని జారతాయో చూస్తే గుట్టు తేలిపోతుంది. నువ్వు కుర్చీ పట్టుకుని వెనకాల రా. పడితే కూచోబెడుదువుగాని."

"పడితే నా మీదే పడతావు బావా. ఇనుముతో కలిపి తొంభై కేజీలు."

"అందుకే చెక్క కుర్చీ. ప్లాస్టిక్‌ది ఆగదు. చూశాను."

ఇప్పుడు తలుచుకుంటే మా ఇద్దరికీ కలిపి ఒక్క బుర్రయినా ఉందా అనిపిస్తుంది. గుండె మీద అనుమానం ఉన్న మనిషి వీపున బరువు కట్టి మెట్లెక్కించకూడదని ఎవరైనా చెబుతారు. ఆ మాట నాకు తట్టకపోవడం కాదు, తట్టింది. ఆయన అంత నమ్మకంగా లెక్కలు చెబుతుంటే నోట్లోంచి రాలేదు. చుట్టంగా నేను చేసిన పెద్ద తప్పు అదే.

శనివారం పొద్దున ఎనిమిది గంటలకి కింద మెట్ల దగ్గర కలుసుకున్నాం. బావ వీపున సంచి, అందులో లిఫ్టుల పరీక్షకి వాడే ఇనప దిమ్మలు. నా చేతుల్లో కుర్చీ. "ఒక్క నిమిషం" అని ఆయన లిఫ్టు వైపు వెళ్ళి వచ్చాడు. నేను పట్టించుకోలేదు. కుర్చీ ఎటు తిప్పితే మలుపులో పడుతుందా అని చూసుకుంటున్నాను.

మొదటి రెండంతస్తులూ హాయిగానే సాగింది. సంచిలో దిమ్మలు గణగణమంటున్నాయి, బావ పెదాలు కదుపుతూ లెక్కపెట్టుకుంటున్నాడు. మూడో అంతస్తులో కుర్చీని చేతుల్లోంచి భుజం మీదికి మార్చుకున్నాను. అక్కడే మొదటి మనిషి ఎదురైంది, ఉతకడానికిచ్చే బట్టల మూటతో దిగుతున్న మూడో అంతస్తు మేడం. "అయ్యో, మీరు కూడా మెట్లేనా?" అని మమ్మల్ని దాటుకుని వెళ్ళింది. ఆమె వెనకాల స్కూలు సంచులతో ఇద్దరు పిల్లలు. వాళ్ళ వెనకాల టై కట్టుకుంటూ వాళ్ళ నాన్న. ఆయన వెనకాల చేతికర్రతో, ఒక్కో మెట్టూ గట్టిగా లెక్కపెడుతూ లెక్కల మాస్టారు. ఆయన లెక్క చెవిన పడి బావ లెక్క తప్పింది.

"మీరే కదండీ మన లిఫ్టు చూసేది? మరి మీరిలా మెట్లెక్కి..." అన్నారు మాస్టారు.

"ముప్ఫై ఎనిమిది" అన్నాడు బావ.

వీపున గణగణమనే సంచి, వెనకాల కుర్చీతో మనిషి. లిఫ్టు సామాను పైకెళ్తోందనుకుని జనం గోడకి ఒత్తిగిలి దారిచ్చారు. మంచి చెయ్యబోయి పిల్లల నాన్న వెనక్కి తిరిగి, "తప్పుకోండి, సామాను పెద్దది" అంటూ మా ముందు నడిచాడు. వింత చూడ్డానికి పిల్లలూ, మిగతావాళ్ళూ వెనక్కి తిరిగి మా వెంట ఎక్కారు. నాలుగో అంతస్తుకి వచ్చేసరికి చిన్న ఊరేగింపు తయారైంది. అప్పటిగ్గానీ నాకు అనుమానం రాలేదు.

"బావా, అసలు లిఫ్టు ఎందుకాగింది?"

బావ ఆగి నా వైపు తిరిగాడు. ఆ మొహంలో ఏదో మెల్లగా దిగడం చూశాను.

"లోడు టెస్టప్పుడు బోర్డు పెట్టాలి కదరా" అన్నాడు.

పెట్టాడు. 'పరీక్ష జరుగుచున్నది, ఎవరూ ఎక్కరాదు' అన్న బోర్డు లిఫ్టు తలుపుకి తగిలించి, తాళం తిప్పి మరీ వచ్చాడు. ఇరవై తొమ్మిదేళ్ళ అలవాటు, బుర్రతో పని లేకుండా చెయ్యే చేసేసింది. టెస్టు తనకి, బోర్డు లిఫ్టుకి. తొమ్మిది అంతస్తుల జనాన్నీ మెట్ల మీదికి పిలిచి మరీ మా రహస్యం మొదలుపెట్టామన్నమాట. "ఆ బోర్డు నీ మెళ్ళో వేసుకోవాల్సింది బావా" అన్నాను. ఆయన నవ్వలేదు.

ఐదో అంతస్తు మలుపు వచ్చింది. బావ ఆగాడు. చొక్కా మీద చెయ్యి పెట్టి కళ్ళు మూసుకున్నాడు. రెండో చెయ్యి పైకి లేచింది. పిల్లలతో సహా అందరూ నిశ్శబ్దమైపోయారు.

"ఒకటి" అన్నాడు. కాసేపాగి, "రెండు" అన్నాడు. ఆయన పెదాలు తెల్లబడ్డాయి.

వెంటనే కుర్చీ వేశాను. వేసిన మాట నిజం. కానీ ఐదంతస్తులు దాన్ని మోసినవాణ్ణి నేను, నా కాళ్ళు నన్నడక్కుండానే వంగిపోయాయి. ఆ కుర్చీలో నేనే కూలబడ్డాను.

సరిగ్గా అప్పుడే, లిఫ్టు రాకపోవడంతో, సంచి చేత్తో పట్టుకుని ఆరో అంతస్తు నుంచి అక్క దిగింది. మలుపు మధ్యలో కుర్చీలో తమ్ముడు రొప్పుతున్నాడు. పక్కన మొగుడు వీపున మూటతో, గుండెల మీద చేత్తో, కళ్ళు మూసుకుని నిలబడ్డాడు. చుట్టూ జనం.

"ఏంటిది?" అంది.

రహస్యం నా కడుపులో పదహారు రోజులుంది. అంతకంటే ఉండలేదు. "బావ గుండె స్లిప్పవుతోందక్కా. లోడు టెస్టు చేస్తున్నాం" అని మొత్తం కక్కేశాను.

అక్క అరవలేదు. కాయగూరల సంచి కింద పెట్టి, బావ భుజాల మీంచి పట్టీలు తీసి, ఆ ఇనుముని మెల్లగా నేల మీదికి దించింది. తర్వాత ఆయన మొహంలోకి చూసి ఒక్క మాట అడిగింది.

"ఎన్నాళ్ళ నుంచి తెలుసు మీకు?"

"పదహారు రోజులు" అన్నాడు బావ, తప్పు చేసిన పిల్లాడిలా.

"సరే పదండి, డాక్టరమ్మ దగ్గరికి. ఒక్క మెట్టు కూడా దిగక్కర్లేదు." తర్వాత నా వైపు తిరిగింది. "ఒరేయ్, నువ్వెళ్ళి ఆ లిఫ్టు పెట్టు. కుర్చీ ఎందుకు తెచ్చావు?"

"బావ పడితే కూచోబెడదామని."

"మరి నువ్వెందుకు కూచున్నావు?"

లేచి, బావ దగ్గర తాళం తీసుకుని దిగాను.

డాక్టరమ్మ క్లినిక్కు మా వీధి చివర. అక్క తన బీపీకి ఏళ్ళ తరబడి ఆవిడ దగ్గరికే వెళ్తుంది. లోపలికి అడుగుపెట్టగానే బావ అలవాటుగా ఫ్యాను కింద నిలబడి పైకి చూశాడు. డాక్టరమ్మ ఆయన్ని ఎగాదిగా చూసి, "ఈయనేనా?" అని అక్కని అడిగారు. అక్క తలూపింది. లిఫ్టు మనిషి ఈయనేనా అని అడుగుతున్నారనుకున్నాను.

ఏమైందని ఆవిడ అడిగితే బావ జవాబు బదులు తనిఖీ పుస్తకం చేతికిచ్చాడు. ఆవిడ శ్రద్ధగా నాలుగు పేజీలు చదివారు. టీవీ కట్టేసిన చోట పెదవి బిగబట్టుకోవడం నేను చూశాను. ఆ తర్వాత నవ్వకుండా అడిగారు. ఎప్పుడైనా కళ్ళు తిరిగి పడ్డారా, ఛాతీలో నొప్పి వచ్చిందా, ఇంట్లో ఎవరైనా చిన్న వయసులో ఉన్నట్టుండి పోయారా. అన్నిటికీ లేదన్నాడు. బరువు సంగతి నేను చెప్పాను. ఆవిడ పెన్ను కింద పెట్టారు.

"ఎంత బరువు?"

"పద్ధెనిమిదండీ. నిబంధన ప్రకారమే" అన్నాడు బావ.

"ఏ నిబంధన?"

"లిఫ్టులదండీ."

"ఇకమీదట మీ నిబంధనలు నేను రాస్తాను" అన్నారు డాక్టరమ్మ. "అసలు సంగతి తేలేదాకా బరువులు లేవు, మెట్లు లేవు."

ముందు ఈసీజీ తీశారు, తర్వాత స్కాను. ఒక రోజంతా ఛాతీకి తీగలంటించి, నడుముకి చిన్న పెట్టె కట్టి పంపారు. గుండె ప్రతి చప్పుడూ అందులో రాసుకుంటుందట. ఆ రోజు మామూలుగా ఉండమన్నారు, ఏ గంటకి ఏం చేశారో రాయమన్నారు. రాయమన్నందుకు బావకి ప్రాణం లేచొచ్చింది. ఆఖర్న పెద్దాసుపత్రిలో, డాక్టర్ల ఎదురుగా, ట్రెడ్‌మిల్లు మీద పరుగు.

ఆ పరుగు నేను గుమ్మంలోంచి చూశాను. అక్క బయట బెంచీ మీదే కూర్చుంది, లోపలికి రానంది. బావ ఒంటి నిండా తీగలు. యంత్రం కదిలింది. బావ కడ్డీ మీద చెయ్యి వేశాడు. రెండడుగులు నడిచాడో లేదో ఆయన తల పక్కకి వాలింది. నా పైప్రాణాలు పైనే పోయాయి. తీరా చూస్తే కింద ఏదో వింటున్నాడు.

"ఎడమవైపు ఒరుసుకుంటోంది" అన్నాడు అక్కడున్న డాక్టరుతో.

"ఛాతీలోనా?"

"మీ యంత్రం పట్టా అండీ."

వేగం పెంచారు. బావ పరిగెడుతూనే వింటున్నాడు. వాలు పెంచారు. చెమటలు ధారకడుతున్నాయి, కానీ మొహంలో ఆ రెండు వారాల భయం లేదు. మోటారు గదిలో కనిపించే మొహం అది. ఆపేసే సమయానికి ఆయన ఆయాసంతోనే వేలు చూపించి, "వెనక రోలరు. పది రోజులు" అన్నాడు. గుండె ఎలా ఉందని డాక్టరు అడిగితే, "అది చూసుకోవడం కుదర్లేదండీ" అన్నాడు.

రెండు రోజుల తర్వాత డాక్టరమ్మ కాగితాలన్నీ ముందు పరుచుకుని మా ముగ్గుర్నీ కూర్చోబెట్టారు. గుండె చప్పుడేదీ తప్పిపోవడం లేదట. ఒకటి కొంచెం ముందుగా, చిన్నగా వచ్చేస్తోందట, అది తెలియదు. దాని వెనకాల కాస్త ఖాళీ, ఆ తర్వాతది గట్టిగా. మనకి తెలిసేది ఆ ఖాళీ, ఆ గుద్దు. "గుండె రోజుకి లక్షసార్లు కొట్టుకుంటుంది. మీకు అందులో రెండు వందల పన్నెండు ఇలా వచ్చాయి. స్కానులో లోపమేమీ లేదు. పరుగులో ఒక్కటి కూడా రాలేదు, అది మంచి గుర్తు. ఐదో అంతస్తులో కూడా ఎక్కేటప్పుడు కాదు, ఆగి విన్నప్పుడే వచ్చి ఉంటాయి."

"మరి ఆ రెండు వందల పన్నెండు ఎప్పుడొచ్చాయండీ?" అని నేనే అడిగాను.

"సగానికి పైగా పదకొండూ పన్నెండు మధ్య." ఆవిడ బావ రాసిన పుస్తకం తిప్పి చదివారు. "పదకొండు గంటలు. ఫోను బల్ల దగ్గర కూచోబెట్టి పని చూపించారు."

మెట్లు ఎక్కొచ్చన్నారు, ఖాళీ వీపుతో. టీ తగ్గించమన్నారు, నిద్ర సరిగ్గా పొమ్మన్నారు. కళ్ళు తిరిగినా, నొప్పి వచ్చినా, పరిగెడుతుండగా ఇవి ఎక్కువైనా ఆ క్షణమే రమ్మన్నారు. లేకపోతే ఏడాదికోసారి చాలన్నారు. "ఇక ఆ చెయ్యి అక్కణ్ణుంచి తియ్యండి" అన్నారు. అప్పటిదాకా అది అక్కడే ఉందని బావకి తెలియదు.

ఇంటికొచ్చాక బావ ఆనందం పట్టలేక గదిలో అటూ ఇటూ తిరిగాడు. తిరుగుతూ తిరుగుతూ ఆగాడు.

"అవునే, ఆరోజు డాక్టరమ్మ నన్ను చూసి ఈయనేనా అంది. ఎందుకు?"

అక్క ఉతికిన బట్టలు మడతపెడుతోంది. ఆయన పని చొక్కా మడత పూర్తిచేసి పక్కన పెట్టింది.

"పదకొండేళ్ళ కిందట ఒక ఆదివారం మధ్యాహ్నం మీరు సోఫాలో పడుకున్నారు. మీ మీద తల వాల్చాను. చెవి కింద ఒకటి రాలేదు. ఆగి, తర్వాత గట్టిగా వచ్చింది" అంది. "ఆ వారమే డాక్టరమ్మని అడిగాను. తీసుకురమ్మంది. మీరు జ్వరమొస్తేనే రారు. ఒళ్ళు తూలితే మాత్రం ఈడ్చుకురమ్మంది. అప్పట్నుంచి వెళ్ళినప్పుడల్లా అడుగుతూనే ఉన్నాను. నా బీపీ కూడా అప్పట్నుంచే."

"నాతో చెప్పలేదేం?"

"చెప్తే ఆ రోజే మీకు మీరు బోర్డు పెట్టేసుకునేవాళ్ళు" అంది అక్క. "మొన్న పెట్టుకున్నారుగా. మీరు ఆ గోతిలోకి దిగకుండా ఉండలేరు. దిగి, లోపల ఉండి, చెయ్యి గుండె మీద పెట్టుకుని నిలబడితే ఏం కాను? అందుకని ఆ వినేదేదో నేనే విన్నాను. సాయంత్రం మీరు వచ్చే వేళకి తలుపు దగ్గర నిలబడేదాన్ని. అంతే."

అప్పుడు నాకు మెట్ల మీద ఆమె అడిగిన ప్రశ్న గుర్తొచ్చింది. ఎన్నాళ్ళ నుంచి ఉంది అనలేదు. ఎన్నాళ్ళ నుంచి తెలుసు మీకు అంది. బెల్లు కొట్టకుండా తెరుచుకున్న తలుపు కూడా గుర్తొచ్చింది. లిఫ్టు చప్పుడు ఎలా వినబడుతుందని నేనూ బావా పదకొండేళ్ళు వాదించుకున్నాం. ఆవిడకి ఏ చప్పుడూ వినబడలేదు. ఎంతసేపటి నుంచో అక్కడే నిలబడి ఉండేది. కంటికి కనబడిందే నమ్ముతానని గొప్పలు పోయే నేను, ఊరందరి చూపూ సరిచేసే నేను, నా సొంత అక్క మొహంలో అది చూడలేదు. నాకు సిగ్గేసింది. ఏడుపు కూడా వచ్చింది.

బావ పుస్తకం తెరిచి మొదటి పేజీలో, అన్నిటికంటే పైన, ఇరికించి రాశాడు. నేను భుజం మీంచి చదివాను. మొదట గమనించినది పదకొండేళ్ళ క్రితం. గమనించినవారు మా ఆవిడ. చర్య అన్న గడి దగ్గర పెన్ను ఆగింది. అది ఖాళీగానే వదిలి పుస్తకం మూశాడు.

"రేపట్నుంచి నేను బెల్లు కొట్టేదాకా కూచునే ఉండు" అన్నాడు.

"కుదరదు" అంది అక్క.

తర్వాతి వారం కంపెనీ పరీక్షలో బావ నెగ్గాడు. అక్కడి ట్రెడ్‌మిల్లుకి కూడా ఏదో తేదీ చెప్పి వచ్చాడట. మర్నాడు మళ్ళీ షాఫ్టులోకి దిగాడు. ఆ సాయంత్రం నేను కావాలనే అక్క దగ్గర కూర్చున్నాను. ఆరు దాటింది. అక్క రెండుసార్లు లేవబోయి, నా వైపు చూసి, మళ్ళీ కూర్చుంది. ఒడిలో వేళ్ళు నలుపుకుంటోంది. లిఫ్టు వచ్చిందో లేదో మా ఇద్దరికీ తెలియలేదు, దానికి నిజంగానే చప్పుడు లేదు.

బెల్లు మోగింది. బావ చేతి కింద ఆ బెల్లు మోగడం నేను వినడం అదే మొదటిసారి. అక్క లేవలేదు. కళ్ళు మూసుకుని వింటున్నదల్లా, రెండోసారి మోగాక మెల్లగా లేచి వెళ్ళి తలుపు తీసింది.

బావ గుమ్మంలోనే నిలబడి ఆ బెల్లు మీద అరచెయ్యి పెట్టాడు. రెండో చెయ్యి పైకి లేచింది. ఇద్దరం నోరు మూసుకున్నాం.

"స్ప్రింగు. ఒక వారం" అన్నాడు.

"మరి కొత్తది తెచ్చి పెట్టండి" అంది అక్క.